అక్క తొక్కిన సముద్రపు దారి

డిగ్రీ చదివే రోజుల్లో నేను కాశీబుగ్గలో అక్కావాళ్లింట్లో ఉండేవాణ్ణి. సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఒక చలికాలం సాయంత్రం బావా నేనూ వరండా గచ్చు మీద సుద్దముక్కతో సైకిల్ దారి గీశాం. పొద్దున్నే వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రం దాకా వెళ్లి, ఒడ్డు వెంట భావనపాడు చేరి, టెక్కలిలో హైవే ఎక్కి ఇంటికి రావాలి. ఒడ్డున కొంత మేర ఇసుకేనని, అక్కడే కష్టమని అనుకున్నాం.

టీ తెచ్చిన అక్క ఆ గీతల వంక కాసేపు చూసింది.

"నానూ వత్తాను," అంది.

"పెళ్లయ్యాక ఒక్కసారైనా సైకిలెక్కినావేటి?" అన్నాడు బావ.

"పెళ్లయితే కాళ్లు పోతాయేటి?"

బావ వెళ్లి పక్కింటివాళ్ల లేడీస్ సైకిల్ అడిగి తెచ్చాడు.

ఆదివారం జీడితోటలు దాటేదాకా ముగ్గురం కలిసే వెళ్లాం. ఇసుక రాగానే బావా నేనూ దిగి సైకిళ్లు నెట్టడం మొదలుపెట్టాం. అక్క మాత్రం కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, అలలు తడిపిన గట్టి ఇసుక మీదికి సైకిల్ దించి తొక్కుకుంటూ పోయింది. మేం రొప్పుతూ చేరేసరికి ఆరబెట్టిన వలల పక్కన కూర్చుని ఉంది. జుట్టంతా చెదిరిపోయింది. ముఖం వెలిగిపోతోంది.

"పెళ్లికి ముందు కూడా ఇలాగే తిరిగీదానివా?" అడిగాడు బావ, పక్కన కూలబడుతూ.

అక్క చెప్పడం మొదలుపెట్టింది. టెక్కలి దాకా వాళ్లిద్దరూ పక్కపక్కనే తొక్కారు, కబుర్లాపకుండా. వాళ్లు అంతసేపు మాట్లాడుకోవడం నేను చూసింది ఆరోజే. కావాలనే వెనకబడి నెమ్మదిగా తొక్కాను.