శుభపంతువరాళికి తేజ మిర్చి

పాట కచేరీ మధ్యలో ఆగిపోవడానికి కారణాలు చాలా ఉంటాయి. కరెంటు పోతుంది, వాన పడుతుంది, మైకు కీచుమంటుంది. కానీ మహబూబాబాద్‌లో ఒక నిండు కచేరీ, నేను కుర్చీలోంచి లేచి ఫ్యాను తిప్పినందుకు ఆగిపోయింది. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో చెప్తాను, నవ్వుకోండి. నేను చెప్తుంటే మా కోడలు స్వరూప రాస్తోంది. నాకొచ్చిన అక్షరాలు సమ్మక్క అని నా పేరు రాసుకోవడం వరకే.

"ఇది సుత రాయాల్నా అత్తమ్మా? ఇజ్జత్ పోతది" అంటోంది.

రాయవే. ఇజ్జత్ ఆ రోజే పోయింది, ఇప్పుడు మిగిలింది కథే.

మా ఆయన పోయాక ఇంట్లో ఏమీ తోచక పాత బట్టలతో బొంతలు కుట్టేదాన్ని. ఒకరోజు గోడ మీద ఆరేసిన బొంత చూసి, మా వాడకట్టులో ఉండే డ్రాయింగు టీచరు సునీత ఆగిపోయింది.

"అక్కా, గిది బొంత కాదు. బొమ్మ!"

"బొమ్మెందుకైతది టీచరమ్మా? కప్పుకొని చూడు, ఎంత వెచ్చగుంటదో."

ఆమె కప్పుకోలేదు కానీ నన్ను పట్టుకెళ్లింది. ఆమె ఇంటి వరండాలో అప్పటికే కొందరు ఆడవాళ్లు చెక్కల మీద బట్టముక్కలు, గింజలు, గుండీలు అంటిస్తున్నారు. పద్ధతేమిటంటే, టీచరు సెల్‌ఫోనులో శాస్త్రీయ సంగీతం పెడుతుంది. మనం కళ్లు మూసుకొని వినాలి. మనసుకు ఏది కనిపిస్తే అది, ఇంట్లో దొరికే వస్తువులతో, చెక్క మీదికి తేవాలి. ఒక్కొక్కరికి ఒక్కో రాగం. వాళ్లలో కమలమ్మకు మోహనం వచ్చింది. హాయిగా నెమలి ఈకలు, పసుపు, జొన్నలు అంటించుకుంది. నాకు వచ్చింది శుభపంతువరాళి. పేరులో శుభం ఉంది కదా అని ధైర్యంగా కూర్చున్నాను.

నా గొంతు సంగతి మీకు తెలియదు. నేను మా వాకిట్లో కోడిని అదిలిస్తే పక్క వీధిలో కుక్కలు లేస్తాయి. అలాంటి దానికి రాగాలేమిటి?

"కండ్లు మూసుకొని ఇను అక్కా. ఏమనిపిస్తున్నది?"

"నిద్రొస్తున్నది టీచరమ్మా."

"జర ఓపిక పట్టు."

పట్టాను. కాసేపటికి ఏమైందో ఏమో, రెప్పల కింద నుంచి నీళ్లు కారడం మొదలైంది. మా మిర్చి కల్లం కనిపించింది. నేలంతా ఎర్రటి కాయలు, నడుమ తువాల తలకు చుట్టుకొని తుమ్ముతూ కూర్చున్న మా ఆయన.

"టీచరమ్మా, ఏడుపొస్తున్నది. ఆపున్రి."

"గదే! గా ఏడుపే బొమ్మలకు రావాలె!"

చూశారా, ఆమే చెప్పింది. నేను బుద్ధిమంతురాలిని, చెప్పింది చేస్తాను.

మా ఆయన పాత తువాల ముక్కను బొంతకుట్టుతో మనిషిలా కుట్టి చెక్క నడుమ అంటించాను. చుట్టూ కల్లం రావాలి. టీచరు ఇచ్చిన ఎర్ర రంగు పూసి చూస్తే పెళ్లి పందిరిలా ఉంది. అందుకని ఇంటికెళ్లి, డబ్బాలో ఉన్న, ఘాటుకు పేరుపడ్డ తేజ మిర్చి కారం తెచ్చి, చెక్క నిండా జిగురు రాసి, పిడికిళ్లతో చల్లాను. అబ్బ, అచ్చం మా కల్లమే! మరునాడు టీచరు చూసి మురిసిపోయింది.

"గీ ఎరుపు ఏంది అక్కా? కుంకుమనా?"

"ఇంట్ల పొడే టీచరమ్మా."

అబద్ధం కాదు కదా. కారం అని చెప్తే కమలమ్మ కూడా మర్నాడే డబ్బా పట్టుకొస్తుంది, నా బొమ్మ ప్రత్యేకత పోతుంది.

"రాలకుండ పైన ఇంకో పూత జిగురు వెయ్యి. మర్చిపోకు."

"ఎందుకు మర్చిపోత?"

మర్చిపోలేదు. మూల మీద కొంచెం వేసి చూశాను. ఎరుపు తుప్పు పట్టిన రేకులా మారింది. మా కల్లానికి తుప్పేమిటి అని అంతటితో ఆపేశాను. పైగా కచేరీ రోజు పొద్దున ఇంకో గుప్పెడు కారం చల్లి మరీ తీసుకెళ్లాను.

ఆ కచేరీ ఎందుకు పెట్టామో చెప్పాలి. టీచరు వాళ్ల వరండా అద్దెకిచ్చిన ఇంటివాళ్లకు కావాల్సి వచ్చింది, ఖాళీ చేయమన్నారు. ఫంక్షన్ హాలు యజమాని నర్సయ్య సేటును అడిగితే, "పైన రూము ఉన్నది గాని, సిమెంటు బస్తాలు వేద్దామనుకుంటున్న. మీ ప్రోగ్రాము చూసి చెప్త" అన్నాడు. అంటే ఆ రోజు ఆయనకు నచ్చితే మా బొమ్మలకు గది, నచ్చకపోతే బస్తాలకు. మా పని ఉంటుందా పోతుందా అన్నది ఆయన మొహంలో తేలాలి.

హనుమకొండ నుంచి ఒక పెద్ద గాయని వచ్చింది. ఏ రాగం పాడితే ఆ రాగం బొమ్మను ఆమె పక్కన బల్ల మీద నిలబెట్టాలని ఏర్పాటు. మోహనం అయిపోయింది, చప్పట్లు. నర్సయ్య సేటు ఇంకా రాలేదు, టీచరు గుమ్మం వైపే చూస్తోంది. నా వంతు వచ్చింది. నా కల్లాన్ని బల్ల మీద పెట్టారు. గాయని కళ్లు మూసుకొని రాగం అందుకుంది. ఎండాకాలం, పాపం ఆమె నుదుటి మీద చెమట. నాకు జాలేసింది. బల్ల వెనక పెద్ద స్టాండు ఫ్యాను గోడకు గాలి కొడుతోంది. మెల్లగా లేచి వెళ్లి, దాని తల గాయని వైపు తిప్పి, ఇంకో రెండు అంకెలు పెంచాను. నా మర్యాద నేను చేశాననుకొని వచ్చి కూర్చున్నాను.

మా కల్లం లేచింది.

ముందు ఫిడేలాయన తుమ్మాడు. కమాను జారి కుర్చీ ఈడ్చిన చప్పుడు లాంటిదేదో వచ్చింది. గాయని గొప్ప మనిషి, కళ్ల నుంచి ధారలు కారుతున్నా స్వరం వదల్లేదు. ముందు వరుస కొంగులు తీసింది, వెనక వరుస రుమాళ్లు తీసింది. నా పక్కన స్వరూప దగ్గుతూ నా మోచెయ్యి గిచ్చింది.

"అత్తమ్మా, దాని మీద ఏం బెట్టినవ్?"

"సప్పుడు జెయ్యకు. రాగం అట్లనే ఉంటది."

"రాగం ముక్కులకు పోతదా?"

చివరికి గాయని పాట ఆపి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. టీచరు ఫ్యాను ఆపింది. హాలంతా ముక్కులు ఎగబీల్చే చప్పుడు. తల తిప్పి చూద్దును కదా, గుమ్మంలో నర్సయ్య సేటు. సిమెంటు బస్తాలు ఒక్కొక్కటిగా పైకెక్కుతున్నట్టు కనిపించింది నాకు.

ఆయన మెల్లగా ముందుకు వచ్చాడు. నా బొమ్మ దగ్గర వంగి చూశాడు. లేచేసరికి ఆయన కళ్లూ నిండాయి.

"ఎన్నో పెండ్లిళ్లు చూసిన, ఎన్నో మీటింగులు చూసిన. హాలుకు హాలు గిట్ల ఏడ్వంగ ఎన్నడు చూడలే. నాకు సుత కండ్లనీళ్లు ఆగుతలేవు టీచరమ్మా. రూము మీరే తీసుకోండ్రి."

టీచరు అసలు సంగతి చెప్పబోతూ నోరు తెరిచింది. గాయని చప్పున ఆమె చెయ్యి పట్టుకుంది. తర్వాత మజ్జిగ తాగుతూ నన్ను పక్కకు పిలిచింది.

"ఏం మిర్చమ్మా?"

"తేజ అమ్మా."

"గట్లనా! చిన్నప్పటి సంది గీ రాగం పాడుతున్న. ఎవ్వలు గింతగనం ఏడ్వలే" అని ఒకటే నవ్వు.

నర్సయ్య సేటు ఆ బొమ్మ తన ఇంటికి కావాలన్నాడు. పాపభయంతో, "సేటూ, ఇంకో పూత జిగురేసి ఇస్త" అన్నాను. "వద్దొద్దు, చెయ్యి పెట్టకు. గట్లనే ఉండనీ" అని పట్టుకుపోయాడు. కూలరు ఎదురుగా గోడకు కొట్టించాడట. మొన్న ఆయన భార్య మా గదికి వచ్చి చెప్పింది.

"గా బొమ్మ ముందట కూసుంటె చాలు, మా ఆయనకు కండ్లల్ల నీళ్లే అక్కా. పెండ్లయినప్పటి సంది గింత మెత్తటి మనిషని నాకు తెల్వదు. ఇప్పుడు నేనంటె సుత మస్తు ప్రేమ, పావురం జేస్తుండు."

స్వరూప దగ్గు వచ్చినట్టు బయటికి పరుగెత్తింది.

కాబట్టి, వింటున్న పెద్దలందరి ముందు ఒట్టు పెడుతున్నాను. ఇక మీదట ఏ రాగానికీ కారం చల్లను. ఎంత ఏడుపు రాగమైనా దారంతోనే ఏడుస్తాను. చేసిన ప్రతి బొమ్మకూ పైపూత రెండుసార్లు వేస్తాను.

సేటు ఇంట్లో ఉన్నదానికి మాత్రం వేయను. పై గది తాళంచెవి ఇంకా మా దగ్గరే ఉండాలి కదా.