వెనక మెట్టు మీది బొమ్మక్క

కోవిల్‌పట్టి నుంచి విరుదునగరుకు నేరుగా పోయే బస్సులు బోలెడు. పెరుమాళ్సామి కండక్టరుగా ఉన్నది అలాంటి బస్సు కాదు. అది దారి పొడుగునా నల్లరేగడి పల్లెలన్నిటినీ పలకరించుకుంటూ పోయేది. మిరపకాయల మూటలు, పత్తి బోరాలు, గంపల్లో కోళ్ళు, పిలుపులకు పోయే ముసలమ్మలు, బడిపిల్లలు, అందరూ ఎక్కేవాళ్ళు. తొందరున్నవాళ్ళు ఆ బస్సు ఎక్కరు. ఎక్కినవాళ్ళు తొందరపడరు.

పెరుమాళ్సామి ముందు తలుపు దగ్గర ఎప్పుడూ నిలబడలేదు. వెనక మెట్టే అతని చోటు. అక్కడ నిలబడితే బస్సులోని తలకాయలన్నీ కనిపిస్తాయి, దాటివచ్చిన దారి కూడా కనిపిస్తుంది. ఒక విజిలు ఊదితే బండి ఆగాలి, రెండు ఊదితే కదలాలి. ఆ విజిలు సెలవురోజున తెల్లచొక్కా జేబులో కూడా ఉండేది. పెళ్ళాం జానకియమ్మాళ్ ఎగతాళి చేసేది.

"ఇంట్లో గూడా అదెందుకయ్యా? నువ్వు రెండు మాట్లు ఊదితే నేను పొయ్యికాడికి కదలాల్నా?"

"కదిలితే మంచిదే గదా" అనేవాడు, నవ్వకుండా.

అతనికి ఒక రోజు డ్యూటీ, మరుసటి రోజు సెలవు. సెలవు రోజుల్లో ఒకటి, 2004లో, అతని బతుకులోకి ఆటను తెచ్చింది. అన్న కూతురు సంగవి ప్లస్ టూ ఫలితాలు చూడడానికి, అక్క కొడుకు కుమారవేల్ నడిపే బ్రౌజింగ్ సెంటరుకు ఆమెను తీసుకుపోయాడు. కోవిల్‌పట్టి మెయిన్ రోడ్డులో, కడలమిఠాయి అంగడి మీద మేడ. కింద వేయించిన వేరుశెనగల, బెల్లంపాకం వాసన, పైన ఎనిమిది కంప్యూటర్ల వేడి. సంగవి బ్రహ్మాండంగా పాసయింది. ఆ సంతోషంలో ఆమె బావ దగ్గర కంప్యూటరు ఒకటి లాక్కుని, అక్కడి పిల్లలతో జట్టుకట్టి ఆడే యుద్ధం ఆట మొదలుపెట్టింది. జట్టుకు ఒక మనిషి తక్కువ పడ్డాడు.

"మామా, నువ్వు కూసో. ఊరికే నిలబడి మమ్మల్ని లెక్కబెడతాండావు" అన్నాడు కుమారవేల్.

తెర మీద అయిదు బొమ్మలు వరసగా నిలబడ్డాయి. కత్తివీరుడు, విలుకాడు, మంత్రగాడు, దొంగ. చివర తెల్లగుడ్డ కట్టి, చేతిలో కర్ర పట్టుకున్న ఒక ముసలామె.

"కత్తోణ్ణి తీసుకో మామా. అందరూ వాణ్ణే తీసుకుంటారు."

"ఈ యమ్మ ఏం సేస్తది?"

"అదా? హీలర్. ఎనక నిలబడి, దెబ్బ తిన్నోళ్ళకంతా పాణం పోస్తా ఉంటది. ఒక్కణ్ణి గూడా సంపేదానికి లేదు. శానా బోరు."

"ఎనకనా?" అని అడిగాడు పెరుమాళ్సామి. కాసేపు ఆ ముసలామె చేతికర్రనే చూశాడు. తర్వాత ఆమె మీదే వేలు పెట్టి, మౌసు అనేది వేరే ఉందని గుర్తొచ్చి చెయ్యి దించాడు.

పేరేం పెట్టాలని తెర అడిగింది. "బొమ్మక్క" అన్నాడు. మేడంతా నవ్వింది. "ఆడపేరా మామా!" అని కుమారవేల్ తల పట్టుకున్నాడు. ఎందుకా పేరు అని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాడు.

ఆ పేరు వెనక ఉన్నది అప్పటికి ఎనిమిదేళ్ళ నాటి సంగతి.

1996లో, ఐప్పసి నెల వానల్లో, విరుదునగరుకు పోయే పొద్దుటి బస్సు ఒక పల్లె మలుపులో ఆగింది. పెరుమాళ్సామికి అప్పటికి ఉద్యోగం కొత్త, కాలం తప్పకూడదన్న భయం పాతది. ఎక్కవలసినవాళ్ళు ఎక్కారు. దూరంగా, చేలగట్టు మీద, తలమీద గంపతో ఒక ముసలామె కనిపించింది. ఆమె నడవడం లేదు. నిలబడి ఉంది. వచ్చే మనిషైతే పరిగెత్తుకొస్తుంది గదా అనుకున్నాడు. రెండు ఊదాడు. బండి కదిలింది.

అది నల్లరేగడిలో పుట్టినవాడు చెయ్యకూడని తప్పు. వానకు తడిసిన ఆ మన్ను ఊరకే అంటుకోదు. పది అడుగులు వేస్తే కాలికి రొట్టెలాగా కట్టుకుంటుంది, ఇరవై వేస్తే కాలు లేవదు. అందుకే అక్కడివాళ్ళు వానల్లో చేతిలో ఒక కర్రపుల్ల లేకుండా బయలుదేరరు. నడవడం, నిలబడి బురద గీక్కోవడం, మళ్ళీ నడవడం. ఆ ముసలామె, బొమ్మక్క, అప్పుడు చేస్తున్నది అదే. బస్సు కదలడం చూసి గీకడం ఆపి, కర్ర పైకెత్తింది. వెనక మెట్టు మీంచి పెరుమాళ్సామి ఆ కర్రను చూశాడు. ఒక్క విజిలు ఊదితే బండి ఆగేది. ఊదలేదు.

ఆ గంపలో ఉన్నవి, విరుదునగరులో కూతురి సీమంతానికి ఆమె తీసుకుపోతున్న గాజులు. తల్లి గాజులు లేకుండానే వేడుక ముగిసింది. సాయంత్రం బస్సుకు గాని ఆమె అక్కడికి చేరలేదు. ఈ సంగతి అతనికి ఊరివాళ్ళ నోట తెలిసింది.

ఎనిమిది రోజుల తర్వాత బొమ్మక్క మళ్ళీ అతని బస్సే ఎక్కింది. తిడుతుందని మెట్టు మీద నిలబడి ఎదురుచూశాడు. తిడితే బాగుండుననుకున్నాడు కూడా. ఆమె టికెట్టు కొంగున ముడేసుకుని కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం అతని భుజం పట్టుకుని ఆనుకుంటూ, "అబ్బాయా, నిలబడినోళ్ళంతా రానోళ్ళు కాదురా" అంది. అంతే. దిగి పోయింది.

ఆనాటి నుంచి ఆ బస్సు ఇంకాస్త ఆలస్యమైంది. చేలగట్టు మీద ఎవరైనా నిలబడి కనిపిస్తే పెరుమాళ్సామి విజిలు నోటిదాకా పోయి ఆగేది. డ్రైవరు హారన్ కొట్టి విసుక్కునేవాడు. బండిలోవాళ్ళు విసుక్కోలేదు. వాళ్ళ కాళ్ళకూ అదే మన్ను.

ఇట్లాంటి మనిషికి హీలరు బొమ్మ అంత నచ్చడంలో వింతేముంది? కత్తి పట్టినవాడికి ఎదుటివాడి మొహం తప్ప ఇంకేదీ కనబడదు. హీలరుకు తనవాళ్ళ వీపులన్నీ కనిపిస్తాయి. తెరకు ఎడమపక్కన జట్టులోవాళ్ళ పేర్లు, పేరు కింద పచ్చటి గీత. దెబ్బ తగిలితే గీత తగ్గుతుంది. ఎవరిది తగ్గుతోందో చూసి, బొమ్మక్క కర్ర ఎత్తితే మళ్ళీ నిండుతుంది. పెరుమాళ్సామి ఆ గీతలను సీట్లు చూసినట్టు చూసేవాడు. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలబడలేక కమ్మీ పట్టుకుని వేలాడుతున్నారు. మీద పడుతున్న రాక్షసుడు ఎంత ఎత్తున్నాడో, ఎన్ని తలలున్నాయో మూడేళ్ళలో ఒక్కసారి కూడా సరిగా చూడలేదు. తన జట్టు చెట్టుకూలినట్టు కూలకుండా, అలిసిన గీత మెల్లగా పచ్చబడుతుంటే, అన్నం తిన్న బిడ్డను చూసినంత తృప్తి. దెబ్బ మానినవాడు వెనక్కి తిరిగి చూడడు, ముందుకే ఉరుకుతాడు. అదీ అతనికి ఇష్టమే. గమ్యం చేరినవాళ్ళలో కండక్టరును తలుచుకునేదెవరు?

ఆడేటప్పుడు ఒక్కటే చిక్కు. ఆటలోని కోటలోకి అందరూ చేరగానే జేబులోంచి విజిలు తీసి రెండు ఊదేవాడు. కింది కడలమిఠాయి అంగడివాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

"మామా! సెంటర్లో ఊదొద్దని ఎన్ని మాట్లు సెప్పేది?"

"అలవాటురా అల్లుడా. నోరు ఖాళీగా ఉంటే సెయ్యి ఆడదు."

2007 నాటికి సంగవి ఇంజనీరింగు మూడో ఏడు. జట్టుకు నాయకురాలు ఆమే, కత్తి ఆమెదే. కుమారవేల్, కాలేజీ పిల్లలు ముగ్గురు, పెరుమాళ్సామి మిగతా జట్టు. ఆదివారం మధ్యాహ్నాలు విరుదునగరులోని ఇంకో సెంటరు జట్టుతో కోటయుద్ధం జరిగేది; ఆ రోజు డ్యూటీ పడితే పెరుమాళ్సామి ఇంకొకరితో మార్చుకునేవాడు. కోట నడుమ ఒక దీపస్తంభం. ముందు వెలిగించినవాళ్ళదే కోట, వారం రోజులు. లోపలికి పోవడానికి హీలరు ద్వారం తెరవాలి. తెరిచి ఉంచినంతసేపూ, చిల్లికుండలో నీళ్ళలాగా హీలరు శక్తి కారిపోతుంది. ఒకసారి మూస్తే ఆ యుద్ధంలో మళ్ళీ తెరుచుకోదు.

రెండు ఆదివారాలు వరసగా పెరుమాళ్సామి ద్వారం దగ్గర ఆలస్యం చేశాడు. రెండుసార్లూ ఓడారు. సంగవి కుర్చీ తిప్పుకుని అతని ఎదురుగా కూర్చుంది.

"సిన్నాయనా, కోపం తెచ్చుకోవద్దు. పోయిన వారం బావ ఎవరికో ప్రింటు తీసేదానికి లేసి పోయినాడు. వానికోసం నువ్వు తలుపు పట్టుకోని నిలబడినావు. ఇది ఊరూరా ఆగే మొఫసల్ బస్సు కాదు."

"వాడు వస్తాడని తెల్సు గదమ్మా."

"వచ్చినాడు. మనం ఓడినాం. ఇంకొక మాటు నీ తలుపు వల్ల ఓడితే, బొమ్మక్కను సెరిపేసి కత్తోణ్ణి తీసుకో. నేనే నేర్పిస్తా."

ఒక పేరు మీద ఒక్క బొమ్మనే ఉంచుకోనిచ్చే ఆట అది. కొత్తది కావాలంటే పాతది పోవాలి. మూడేళ్ళు ఎక్కి వచ్చిన మెట్లన్నీ పోవాలి. పెరుమాళ్సామి విజిలును వేళ్ళ మధ్య తిప్పాడు.

"సరిమ్మా" అన్నాడు. జట్టుకు తనవల్ల నష్టం జరగకూడదు, అది న్యాయమే అనిపించింది.

తర్వాతి ఆదివారం అన్నం తింటుంటే జానకియమ్మాళ్ అడిగింది, "ఏంది, మొగం వాడిపోయి ఉండాది?"

"ఈ పొద్దు ఓడితే బొమ్మక్కను సెరిపెయ్యాల."

"మూడేండ్లుగా ఒక్కణ్ణన్నా కొట్టినావా నువ్వు? కొట్టనోనికి యుద్ధమేంది?" అని, ఆమె మజ్జిగ ఇంకొంచెం పోసింది. "గెలిసి రా పో."

యుద్ధం మొదట్లో బాగానే సాగింది. విరుదునగరువాళ్ళకంటే ముందే కోటగోడ చేరారు. పెరుమాళ్సామి ద్వారం తెరిచాడు. కుమారవేల్ దూరాడు, వెనకే కాలేజీ పిల్లలు ముగ్గురూ దూరారు. ఇంక సంగవి రావాలి.

ఆమె కత్తిమనిషి మైదానం నడుమ నిలబడిపోయింది. కత్తి ఎత్తదు, కాలు కదపదు. చుట్టూ శత్రువులు మూగి కొడుతున్నారు. పచ్చగీత సగానికి పడింది.

గది ఆ చివర నుంచి సంగవి అరిచింది, "కంప్యూటరు బిగుసుకొనింది! మూసెయ్ సిన్నాయనా, నేను పోయినట్టే!"

"మూసెయ్ మామా!" అని కుమారవేల్. "నీ శక్తి పోతే లోపల మాకు పాణం పోసేదెవరు?"

అందరూ చెప్తున్నది సరైన మాటే. పెరుమాళ్సామికి తెలుసు. మూస్తే గెలవొచ్చు, బొమ్మక్క మిగలొచ్చు. మౌసు మీద వేలు ఆనింది. తెర మీద, దూరంగా, కదలకుండా ఒక మనిషి నిలబడి ఉంది.

"నిలబడినోళ్ళంతా రానోళ్ళు కాదు" అన్నాడు, తనలో తనే. వేలు జరిపి సంగవి పేరు మీద నొక్కాడు. బొమ్మక్క కర్ర ఎత్తింది. గీత కొంచెం నిండింది. మళ్ళీ తగ్గింది, మళ్ళీ ఎత్తింది. ఒకపక్క ద్వారం, ఒకపక్క సంగవి, శక్తి రెండు చిల్లుల్లోంచి కారిపోతోంది. కుమారవేల్ తన ఆట వదిలి పరుగెత్తుకెళ్ళి, మరదలి కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. అది మెల్లగా మేలుకుంది. ఆ ముసలి యంత్రం అంతసేపు ఎప్పుడూ తీసుకోలేదనిపించింది.

సంగవి కదిలింది. మీద పడ్డవాళ్ళను తోసుకుంటూ ఉరికి, ద్వారంలో దూరింది. వెనకే బొమ్మక్క. ద్వారం మూసుకుంది.

పెరుమాళ్సామి జేబులోంచి విజిలు తీసి రెండు ఊదాడు. కుమారవేల్ తన కుర్చీకి ఉరికాడు.

లోపల బొమ్మక్క దగ్గర చుక్క శక్తి లేదు. అయినా జట్టు దీపస్తంభం దాకా పోయింది. సంగవి చెయ్యి చాచే లోపల, విరుదునగరు విలుకాడు నిప్పుబాణంతో దాన్ని వెలిగించేశాడు. ఒక్క అడుగు తేడా.

గదిలో అందరూ కుర్చీల్లో వెనక్కి వాలారు. పెరుమాళ్సామి ఎవరూ అడగకముందే చెరిపే పేజీ తెరిచాడు. 'బొమ్మక్కను తీసేయమంటారా? ఖాయమేనా?' అని ఇంగ్లీషులో ప్రశ్న. అద్దాలు సర్దుకుని, కూడబలుక్కుని చదివాడు. మాటంటే మాటే.

సంగవి లేచి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది.

"పోయినట్టే అని నేనే సెప్తిని గదా. ఎందుకు మూయలే?"

అతనికి చెప్పడానికి ఉన్నది ఒక్కటే.

"నువ్వు బురద గీక్కుంటుండావు అనుకున్నా."

కాలేజీ పిల్లలు మొహమొహాలు చూసుకున్నారు. వాళ్ళు పట్నం పిల్లలు. సంగవి మాత్రం పల్లెలో పెరిగింది. పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని, చేలగట్టు మీద ఒంటికాలితో నిలబడి, కర్రపుల్లతో మడమ గీక్కున్న ఏడెనిమిది వానాకాలాలు ఆమెవి. అన్నిట్లోనూ దూరంగా రోడ్డు మీద బస్సు ఆగి ఉండేది. ఎందుకు ఆగి ఉందని ఆమె ఏనాడూ అనుకోలేదు. బస్సంటే ఆగి ఉండేదే అనుకుంది.

వంగి, అతని చేతి కిందనుంచి మౌసు లాక్కుని 'వద్దు' మీద నొక్కింది.

"మాట ఇచ్చినాను గదమ్మా."

"నీ తలుపు వల్ల ఓడితే అని సెప్తిని. ఓడింది బావ డొక్కు కంప్యూటరు వల్ల."

"ఏయ్, నా మిషన్లను తిట్టొద్దు" అన్నాడు కుమారవేల్.

"వచ్చే వారం నుంచి గడియారం సూసేది లేదు" అని సంగవి జట్టుకంతా చెప్పింది. "సిన్నాయన రెండు ఊదినంకనే ముందుకు పోయేది. అంతవరకు అందరూ తలుపుకాడే."

పెరుమాళ్సామి అద్దాలు తీసి తుడుచుకున్నాడు. కిందికి దిగి కడలమిఠాయి పొట్లం కట్టించుకుని ఇల్లు చేరాడు. జానకియమ్మాళ్ వాకిట్లో మిరపకాయలు ఎండకు తిరగేస్తోంది.

"గెలిసినారా?"

"లేదు" అన్నాడు పొట్లం చేతికిస్తూ. "అందరూ ఎక్కినారు."