పసుపు పూసిన మలుపు బోర్డు

నా మాటల్లో సగం కోతలేనని మా ఊరంతా అంటుంది. అనుకోనివ్వండి. మా అవ్వ లారీలకు దారి చూపిన సంగతి మాత్రం కోత కాదు.

నందికొండ డ్యాం కడుతున్న రోజులు. కేతేపల్లి దాటాక మా చెలక చేను పక్కనే రోడ్డు వంకర తిరుగుతుంది. సిమెంటు లారీలు అక్కడికి గాలిదుమారంలా వచ్చేవి. ఒకటి మా ఎద్దును కొట్టి చంపింది. మిగిలింది ఒక్క ఎద్దు. దానికీ రోజూ అదే దారి.

పది రోజులకు రోడ్డు మేస్త్రీ వచ్చి ఇనుప కంబం పాతించాడు. పైన ఎర్ర ముక్కోణం, కింద పలక మీద వంకర గీత. ఎద్దు చచ్చిన చోటే నిలబెట్టారు గనుక అవ్వకు అది మైసమ్మే. పలక నిండా పసుపు మెత్తి, కుంకుమ బొట్లు పెట్టి, కల్లు సాక పోసింది. అవ్వకు అడ్డం పోయే ధైర్యం నాకెక్కడిది?

మరునాడే ఒక లారీ మలుపు తప్పి మా జొన్నచేన్లో పడింది. మూడు పల్టీలు కొట్టి మళ్లీ చక్రాల మీదే నిలబడిందని చెబుతుంటాను, అది వదిలేయండి. డ్రైవర్‌కు ఏమీ కాలేదు.

మేస్త్రీ ఊగిపోతూ వచ్చాడు. “చదువు రాని ముసల్దానా, బోర్డు మూసినవ్! నీ వల్లనే పడ్డది.”

అవ్వ నా వైపు తిరిగింది. నేను వయోజనుల బడిలో అక్షరాలతో పాటు రోడ్డు గుర్తులూ నేర్చుకుంటున్నాను. “గా బోర్డుల ఏమున్నదిరా?”

“ముందర మలుపుంది, నిమ్మలంగ పో అని బొమ్మ గీసిండ్రు అవ్వా.”

“గంతేనా? మొన్ననే చెప్తే నీ నోరు అరుగుతుండెనా?”

చింతపండు తెచ్చి, ఇత్తడి బిందెను తోమినట్టు పలకను తోమింది. గీత బయటపడింది. తర్వాత లారీలు వచ్చే దిక్కుకు నడిచి, వెనక్కి తిరిగి చూసి, అక్కడి నుంచే అరిచింది.

“మేస్త్రీ! జర ఇటు రా. గీడికెళ్లి నీ బొమ్మ కనవడ్తాందా?”

కనబడదు. కంబాన్ని మలుపు దాటాక పాతారు.

“ముందర మలుపుందని మలుపు దాటినంక చెప్తవా? చదువు రానిది నాకా, నీకా?”

“సర్కారు కంబం. పైనించి కాయితం రావాలె. అప్పటిదాంక కదలదు.”

“నేను గూడ కదల.” అవ్వ కొంగు నడుముకు చుట్టింది. “నేను నిలవడ్డ జాగల పాతు. అప్పటిదాంక లారీలకు నేనే బోర్డు.”

మూడు రోజులు అవ్వ చెయ్యి వంకర తిప్పి చూపుతుంటే, సిమెంటు లారీలు ఎడ్లబండ్లలా నడిచాయి. నేను సద్ది మోశాను. నాలుగోనాడు మేస్త్రీ గడ్డపారతో వచ్చాడు. కాయితం వచ్చిందా అని ఎవరూ అడగలేదు. అవ్వ మడమ గుర్తు మీదే గుంట తవ్వించాడు.

అవ్వ పసుపు మానలేదు. కంబం మొదట్లో పూసేది, పలక జోలికి మాత్రం పోలేదు. డ్రైవర్లు అక్కడ నెమ్మది చేసి దండం పెట్టేవారు. మైసమ్మకో, అవ్వకో నాకు తెలియదు.

మిగిలిన మా ఒక్క ఎద్దు ముసలిదై, కొట్టంలోనే చచ్చిపోయింది.