వీధివైపు గోడకి గాలి పాయింటు

మా ఎదురింటి అన్నయ్యగారు పోయారు. ఏలూరు ఆసుపత్రిలో రెండు రోజులున్నారు, మూడోరోజు పొద్దున్న గుండె ఆగిపోయింది. ఆ సంగతి నాకు మా కాలనీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. కింద వరసగా దండాల బొమ్మలు. "సేవామూర్తి", "మన కాలనీకి తీరని లోటు" అని రాసినవాళ్ళూ ఉన్నారు. ఆ పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాను. వాటిలో చాలా పేర్లు అంతకుముందు ఒక కాగితం మీద కూడా చూసినవే. ఏడుపు రావలసిన చోట నాకు ఒళ్ళు మండింది. పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. నా వల్ల కాలేదు, చదివేవాళ్ళు మన్నించాలి.

ఆయన తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో చాలా ఏళ్ళు ఫిట్టరుగా చేశారు. పని మానేశాక మా గేటుకి సరిగ్గా ఎదురుగా చిన్న ఇల్లు కట్టుకుని వచ్చారు. నేను బడిలో లెక్కలు చెబుతాను కాబట్టి నన్ను "టీచరమ్మగారూ" అనేవారు, కొన్నాళ్ళకి "చెల్లెమ్మా" అనడం మొదలుపెట్టారు. మాట చివర "అండీ" లేకుండా ఆయన ఎవరితోనూ మాట్లాడగా వినలేదు. మిషన్లతో కూడా అంతే. బెల్టు జారితే "ఏవండీ, ఏంటండీ ఇది" అని దాన్నే అడిగేవారు. ఆదివారం చర్చికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, మిగిలిన ఆరు రోజులూ నూనె మరకల చొక్కా.

మా కాలనీ కొల్లేరు వైపు వెళ్ళే రోడ్డు మొదట్లో ఉంది. రోజూ పొద్దున్నే లంక గ్రామాల వాళ్ళు చేపల డబ్బాలు కట్టుకుని మోపెడ్ల మీద ఏలూరు మార్కెట్టుకి వెళతారు. వెనక అంత బరువు పెట్టుకున్నాక చక్రంలో గాలి తగ్గితే బండి కదలదు. ఒకరోజు అన్నయ్యగారు గేటు దగ్గర నిలబడి ఉండగా ఒకామె బండి తోసుకుంటూ వస్తోందట. పెట్రోలు బంకులో గాలి మిషను పనిచెయ్యడం లేదన్నారట. డబ్బాలోంచి ఐసు నీళ్ళు కారిపోతున్నాయి, మార్కెట్టుకి చేరేలోపు చేపలు మెత్తబడిపోతాయని ఆమె ఏడుస్తోందట. ఆ మధ్యాహ్నమే ఆయన తాడేపల్లిగూడెం బస్సెక్కారు. సాయంత్రానికి పాత మిల్లువాళ్ళు మూల పడేసిన, గాలి నింపే కంప్రెసరు ఒకటి ట్రాలీ ఆటోలో దిగింది.

ఇంట్లో కంప్రెసరు ఉన్నవాళ్ళు గాలి పాయింటు షెడ్డులోనో కారు పెట్టే చోటో పెట్టుకుంటారు. ఈయన వెనక షెడ్డులో కంప్రెసరు పెట్టి, ప్రహరీ వెంట పైపు నడిపించి, గోడకి బయటివైపు, వీధిలోకి పాయింటు ఇస్తానన్నారు. ప్లంబరుని పిలిచి పని చెప్పి, ఏదో పెళ్ళికని జంగారెడ్డిగూడెం వెళ్ళారు. దగ్గర లేకపోవడమే దెబ్బ తీసింది. మా వైపు ప్లంబర్లకి నీళ్ళే తెలుసు. మేడ మీద ట్యాంకు నుంచి వంటింటికి నీళ్ళు దించినట్టే ఆ మనిషి పైపుని వీధివైపుకి వాలుగా దించి, చివర కుళాయి బిగించి వెళ్ళిపోయాడు. ఆదివారం చర్చికి బయల్దేరుతూ అన్నయ్యగారే బోణీ చేశారు. స్కూటరు చక్రానికి గొట్టం పెట్టి కుళాయి తిప్పగానే గాలి కన్నా ముందు తుప్పునీళ్ళు చిమ్మి తెల్ల చొక్కా నిండా పడ్డాయి. వదినగారు కెవ్వుమన్నారు. ఆయన చొక్కా చూసుకుని, "తప్పు నాదేనండి, దగ్గరుండి చెప్పాల్సింది" అని నవ్వారు.

మర్నాడు ప్లంబరు, "పైపు పైపే కదండీ" అన్నాడు.

"కాదండీ. మన కొల్లేటి గాలిలో బోలెడు తడి ఉంటుందండి. గాలిని నొక్కితే ఆ తడంతా నీళ్ళయి పైపులో దిగుద్దండి. ఆ నీళ్ళని మనింట్లోకి తెచ్చుకోవాలి గానీ జనం మీదకి వదలకూడదండి."

మొత్తం విప్పించారు. పైపు వాలు షెడ్డువైపుకి తిప్పించారు. అక్కడ అడుగున నీళ్ళు వదలడానికి చిన్న కుళాయి పెట్టించారు. వీధిలోకి వెళ్ళే పాయని పెద్ద పైపు అడుగు నుంచి కాకుండా నెత్తి మీంచి తీయించి, కొంగ మెడలా వంచి కిందకి దించారు. ప్లాస్టిక్ పైపయితే చవకని ప్లంబరు అంటే, "పగిలితే ఆ ముక్కలు ఎవరి కంట్లో పడతాయండీ?" అని ఇనప పైపే వేయించారు. ఎవరి ట్యూబూ పేలిపోకుండా రెగ్యులేటరు కూడా బిగించారు. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళ చక్రాల కోసం ఒక మనిషి అంత శ్రద్ధ పెట్టడం నేను అదే మొదటిసారి చూడటం.

అప్పట్నుంచి రోజూ ఆరింటికల్లా ఆయన షెడ్డులో ఉండేవారు. ముందు నీళ్ళు వదిలేవారు, తరవాతే స్విచ్చి వేసేవారు. "రాత్రి దిగిన నీళ్ళు పొద్దున్నే తీసెయ్యాలి చెల్లెమ్మా, మనసులో మాటైనా అంతేనండి" అనేవారు. చేపల బళ్ళు ఆగేవి, ఆటోలు ఆగేవి, కాలేజీ పిల్లల సైకిళ్ళు ఆగేవి. నిండగానే గోడ అవతల నుంచి "మావయ్యగారూ, వెళ్ళొస్తానండీ" అని కేకేసేవాళ్ళు, ఈయన షెడ్డులోంచే "మంచిదండి, నెమ్మదిగా వెళ్ళండి" అనేవారు. మా కాలనీ బళ్ళన్నీ కూడా అక్కడే. కాలనీ సంఘం ప్రెసిడెంటుగారి కారుకి నాలుగు చక్రాలూ అక్కడే నిండేవి. నా బండికీ అక్కడే.

అయినా సంఘంవాళ్ళు ఆ పాయింటు తీసెయ్యాలని కాగితం రాశారు. కంప్రెసరు శబ్దానికి నిద్ర పట్టడం లేదని, పిల్లల చదువులు పాడవుతున్నాయని అందులో ఉంది. ప్రెసిడెంటుగారి భార్య మా ఇంటికి తెచ్చి, "ఊరికే ఫార్మాలిటీ అండి, అందరూ పెట్టేశారు" అన్నారు. మూడో సంతకం నాది. తరవాత సంఘం బోర్డు మీద అంటించినప్పుడు చూస్తే కాగితం నిండిపోయింది. నాకు ఏ శబ్దమూ వినపడేది కాదు. సంతకం పెట్టిన సాయంత్రమే వెళ్ళి ఆ పాయింటు దగ్గరే బండికి గాలి పెట్టుకున్నాను. కోపం ఎవరి మీదని అడిగితే, వరస నా దగ్గర్నుంచే మొదలుపెట్టాలి.

ఆయన ఆ కాగితాన్ని నిజమని నమ్మారు! వారం తిరక్కుండా కంప్రెసరు చుట్టూ చెక్కపెట్టె కట్టి, లోపల కొబ్బరిపీచు కూరారు. తరవాత మా ఇంటికొచ్చి, "చెల్లెమ్మా, ఇప్పుడు తగ్గిందాండీ? పిల్లల పేపర్లు దిద్దుకోడానికి ఇబ్బంది లేదు కదండీ?" అని అడిగారు. నేల చూస్తూ తగ్గిందన్నాను. తరవాత సంఘంవాళ్ళు పైపు చివర జానెడు రోడ్డు మీదకి వచ్చిందన్నారు. ఆయన గోడ తొలిచి గూడు చేసి పాయింటు లోపలికి జరిపారు. తరవాత చేపల నీళ్ళు కారి వీధి పాడవుతోందన్నారు. రోజూ రెండు బకెట్లతో ఆయనే కడిగారు. చెప్పిన ప్రతి వంకకీ ఆ మనిషి ఒక మరమ్మతు చేసుకుంటూ పోయారు. ఇక వంకలు అయిపోయి, ప్రెసిడెంటుగారు ఆయన గేటు దగ్గర నిలబడి అసలు మాట బయటపెట్టారు.

"ఆ చేపలవాళ్ళు మన వీధిలోకి రాకూడదండి. అంతే."

అన్నయ్యగారు, "మిషను లోపమైతే బాగుచేస్తానండి. ఇది మిషనుది కాదు కదండీ, నాకు చేతకాదండి" అని లోపలికి వెళ్ళిపోయారు. నేను మా వరండాలో నిలబడి విన్నాను. నోరు విప్పలేదు.

ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజు షామియానా వేసి కుర్చీలు వేశారు. సగం కుర్చీలు ఖాళీ. చేపలవాళ్ళు పాతికమంది దాకా గేటు బయట ఎండలో నిలబడి ఉన్నారు. ప్రెసిడెంటుగారే వాళ్ళని అక్కడ ఆగమన్నారట. నేను వెళ్ళి లోపలికి రమ్మంటే ఒకాయన, "పర్లేదండి. మార్కెట్టు నుంచి ఇలాగే వచ్చేశామండి, వాసనొస్తాం. ఇక్కణ్ణుంచే చూస్తామండి" అన్నాడు. ఆ మాట ఆ మనిషి నోటికి ఎవరు అలవాటు చేశారో నాకు తెలుసు. వాళ్ళు గేటు బయట ఉన్నంతసేపూ లోపల మైకులో "సేవామూర్తి" గురించి ప్రెసిడెంటుగారు మాట్లాడుతూనే ఉన్నారు.

సమాధి అయ్యాక వాళ్ళింట్లో ఆదరణ కూడిక జరిగింది, చర్చివాళ్ళు వచ్చి ఇంటివాళ్ళని ఓదార్చే ప్రార్థన. ప్రార్థన అయ్యాక అందరూ టీ తాగుతుండగా ప్రెసిడెంటుగారు వదినగారి వైపు తిరిగి జేబులోంచి కాగితం తీశారు.

"చెల్లెమ్మగారూ, మీరు ఒంటరిగా ఉంటారు, ఎవరెవరో వస్తూ ఉంటారు. మీ క్షేమం కోసం ఆ పాయింటు తీయించి గోడ పూడ్పించేస్తామండి. ముందు టీచరుగారు సంతకం పెడతారు, ఎదురింటివారు కదా" అని పెన్ను నా చేతికిచ్చారు.

"నేను పెట్టనండి" అన్నాను. గొంతు నేననుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. "అప్పుడు పెట్టింది అబద్ధం. నాకు ఏ రోజూ ఏ శబ్దమూ వినపడలేదు. మీకూ వినపడలేదు."

వదినగారు ఎప్పటిలాగే మెత్తగా ప్రెసిడెంటుగారిని అడిగారు: "ఏవండీ, మీ కారుకి గాలి ఇక్కడే కదండీ పెట్టుకుంటారు? పూడ్పించేస్తే మీకు ఇబ్బంది కదండీ?"

ఆయన మొహం కందిపోయింది.

"ఉండనివ్వండి. టీ చల్లారిపోతోందండి, తాగండి" అన్నారు వదినగారు.

ప్రెసిడెంటుగారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మళ్ళీ తీస్తారని నాకు తెలుసు. తీయనివ్వండి. ఈసారి ఆ కాగితం మా గేటు దాటే ముందు నాతో మాట్లాడాలి.

మర్నాడు ఆరింటికి వెళ్ళేసరికి వదినగారు అప్పటికే షెడ్డులో ఉన్నారు. ఆ మిషను ఎలా నడపాలో ఇద్దరికీ సరిగ్గా తెలియదు. కింద కుళాయి తిప్పితే టీ రంగు నీళ్ళు మా కాళ్ళ మీద పడ్డాయి. ఆ నీళ్ళు పోయేదాకా ఆగి, స్విచ్చి వేశాం. బెల్టు తిరిగింది, మీటరులో ముల్లు నెమ్మదిగా పైకెక్కింది. కాసేపటికి వీధిలో మోపెడ్ ఒకటి ఆగింది. గాలి పట్టిన బుస్సుమన్న చప్పుడు. అంత్యక్రియలకి రానివాడెవడో, సంగతి తెలియనివాడు, గోడ అవతల నుంచి రోజూలాగే కేకేశాడు.

"మావయ్యగారూ, నిండిందండీ! వెళ్ళొస్తానండీ!"

వదినగారు చెంగుతో చేతులు తుడుచుకుని గోడవైపు తిరిగారు.

"మంచిదయ్యా, నెమ్మదిగా వెళ్ళు" అన్నారు.

అవతల బండి చాలాసేపటి వరకూ స్టార్టవ్వలేదు.