కకూ గకూ ఒకటే మీట

అక్కకి మీటల ఫోన్ కొనాలని నిర్ణయించింది నేనే. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు, పైగా అడిగి చేసే అలవాటు నాకు తక్కువ. గుండెలో వాల్వ్ మార్చి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు ఒకటికి రెండుసార్లు చెప్పాడు. రక్తం గడ్డకట్టకుండా ఉండే గోళీ రోజూ సాయంత్రం వేసుకోవాలి, బతికినన్నాళ్లూ వేసుకోవాలి, మానకూడదు. మానితే ఏమవుతుందని బావ అడిగాడు. గడ్డ కడుతుంది, అది తలకెక్కుతుంది అంటూ డాక్టరు తన కణత మీద వేలు పెట్టి చూపించాడు. అక్క మాత్రం గోళీ తిన్నాక టీ తాగొచ్చా అని అడిగింది.

వాళ్లది దుమ్ముగూడెం దాటాక గోదావరిని వదిలి అడవిలోకి తిరిగే దారిలో నలభై గడపల ఊరు. అక్కడ ఆ గోళీలు దొరకవు. దుమ్ముగూడెంలో అడిగితే పేరు అదే ఉంటుంది గానీ మోతాదు వేరు. నేను సత్తుపల్లిలో మండలాఫీసు గుమాస్తాని. ఇక్కడి మందుల షాపువాడు నా కోసం తెప్పించి పెడతాడు. నేను పొట్లం కట్టి భద్రాచలం బస్సులో పంపిస్తాను, బావ వచ్చి తీసుకుంటాడు. ఇదీ ఏర్పాటు. గోళీలు అయిపోయే ముందు నాకు తెలియడమే ఇందులో ముఖ్యం. బావ దగ్గర పెద్ద ఫోన్ ఉంది గానీ, ఆయన వరికోత మిషన్‌తో ఊళ్లు తిరుగుతుంటాడు, ఫోనూ ఆయనతోపాటే తిరుగుతుంది. కాబట్టి అక్క చేతిలో ఒక ఫోన్ ఉండాలి.

సత్తుపల్లి బజారులో ఒక సాయిబు గారి షాపులో కొన్నాను. వాళ్ల నాన్న అదే బల్ల మీద గడియారాలు బాగుచేసేవాడట. ఆయన వెనకమూత గోటితో ఊడదీసి, నా చిన్న సిమ్ముకి ప్లాస్టిక్ చట్రం తొడిగి లోపలికి తోశాడు. ఆ చట్రాన్ని ఊరికే లాగొద్దు, ఇరుక్కుంటే సిమ్ము పోతుంది అని హెచ్చరించాడు. ఎవరికి అని అడిగాడు. మా అక్కకి అన్నాను. ఇంకేమీ అడక్కుండా రింగు శబ్దం ఆఖరిదాకా పెంచాడు, భాష తెలుగులోకి మార్చాడు. మిగతాది నేను చూసుకుంటానన్నాను. ఇలాంటి పనులు నా అంత పద్ధతిగా ఎవరూ చేయరని నాకు అప్పట్లో గట్టి నమ్మకం.

ఒక ఆదివారమంతా ఆ ఫోన్‌తోనే సరిపోయింది. కంపెనీ మెసేజీలన్నీ తుడిచేశాను. ఒకటో నంబరు మీట కంపెనీవాళ్లు తమకే ఉంచుకున్నారు, అది మనం మార్చడానికి వీల్లేదు. రెండు నొక్కి పట్టుకుంటే నాకు, మూడు పట్టుకుంటే బావకి, నాలుగైతే ఊళ్లో ఆశా కార్యకర్తకి పోయేట్టు పెట్టాను. ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఇదంతా రాసి, ఫోన్‌తోపాటు తీసుకెళ్లాను.

అక్క అక్కడి బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. చెయ్యి కొంగుకు తుడుచుకుని ఫోన్ అందుకుంది. రెండు నొక్కమన్నాను. నొక్కి వదిలేసింది. తెర మీద రెండు అంకె పడింది తప్ప ఏమీ కాలేదు. ఒత్తి పట్టుకోమన్నాను. ఈసారి పట్టుకున్న మనిషి నా జేబులో ఫోన్ మోగుతున్నా వదల్లేదు. వదలమంటే కాల్ కట్ చేసింది. ఇలా పది పన్నెండుసార్లు అయ్యేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఇంత చిన్న పని రాదా అని కసిరాను.

అక్క నవ్వింది. "నీకు అ-ఆలు నేర్పేటప్పుడు నేను గిట్ల కసురుకున్ననా తమ్మీ?" అంది.

కసురుకోలేదు. అమ్మ పోయేనాటికి నాకు ఐదేళ్లు. ఐదో తరగతి దాకా చదివిన అక్కే పొయ్యి ముందు కూర్చోబెట్టుకుని బొగ్గుముక్కతో అక్షరాలు దిద్దించింది. ఆ మాట గుర్తు చేస్తే నాకు కాస్త సిగ్గేసింది గానీ, కసరడం మాత్రం తగ్గించలేదు. మెసేజ్ రాయడం కూడా నేర్పుదామని మొదలుపెట్టాను. ఒక్కో అక్షరానికి ఒకే మీటను రెండుసార్లో మూడుసార్లో కొట్టాలి. తన పేరులో మొదటి అక్షరం దాటకముందే పది నిమిషాలయ్యాయి. నాకు బస్సు టైమవుతోంది. మెసేజులు నీకెందుకులే, మాట్లాడితే చాలు అని చేతులు దులుపుకున్నాను.

ఇంట్లో సిగ్నల్ రాదు. బడి వంటషెడ్డు వెనక నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడితే రెండు గీతలు వస్తాయి. ప్రతి గురువారం పిల్లల భోజనాలు అయ్యాక అక్క అక్కడి నుంచి చేయాలని నియమం పెట్టాను. చేసేది. కానీ అక్క మాట ఎప్పుడూ అసలు సంగతితో మొదలవదు. తిన్నవా, పిల్లలు ఎట్లున్నరు, అక్కడ వాన పడ్డదా, ఇక్కడ అడవిపంది మొక్కజొన్నల పడ్డది... నా బల్ల ముందు దరఖాస్తులు పట్టుకుని నలుగురు నిలబడి ఉండేవాళ్లు. జనం చెప్పింది విని రాసుకోవడమే నా ఉద్యోగం, అందులో నాకు మంచి పేరుంది. అక్క దగ్గరికొచ్చేసరికి ఆ ఓపిక ఉండేది కాదు. చివరికి నేనే మూడు ప్రశ్నలు ఖాయం చేశాను. గోళీలు ఉన్నయా, రోజూ వేసుకుంటున్నవా, నడిస్తే దమ్ము వస్తున్నదా. ఉన్నయ్, అవ్, లేదు అని ఆమె జవాబు. మంచిది అని నేను కట్ చేసేవాణ్ణి. తమ్ముడు కలెక్టరు లెక్క మాట్లాడుతడని బావతో చెప్పుకుని నవ్విందట. నాకది మెచ్చుకోలుగానే తోచింది.

ఏడాదిన్నర ఇలాగే నడిచింది. ఎప్పుడైనా గోళీలు తగ్గితే, పది మిగిలినయ్ అనో వారానికొస్తయ్ అనో ముందుగానే చెప్పేది, నేను పంపేవాణ్ణి. రక్తపరీక్షలు బాగుండేవి. ఇదంతా నా ఏర్పాటు గొప్పతనమని నలుగురి దగ్గరా చెప్పుకున్నాను కూడా.

నిరుడు వానాకాలంలో గోదావరి పెరుగుతున్న రోజుల్లో, ఒక గురువారం అక్క ఫోన్ చేసింది. ఆ రోజు నేను ఆఫీసులో ఒక చెవికి ఆఫీసు ఫోన్, ఇంకో చెవికి నా ఫోన్ పెట్టుకుని ఉన్నాను. అంతకుముందు వారం అక్క ఫోన్ కలవలేదు. ఇప్పుడు కలిసినా గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. వెనక రేకుల మీద వాన చప్పుడు. గోళీలు ఉన్నయా అని అడిగాను.

"నిండుగున్నయ్ తమ్మీ" అని వినిపించింది.

మంచిది అన్నాను. ఇంకేదో చెప్పబోయింది. తర్వాత మాట్లాడతానని కట్ చేశాను.

మర్నాటి నుంచి వాళ్ల ఊరివైపు టవర్ పనిచేయలేదు. వాగు రోడ్డు మీదికి ఎక్కి బస్సులు ఆగిపోయాయి. నేనేమీ కంగారుపడలేదు. గోళీలు నిండుగా ఉన్నాయని ఆమె నోటితోనే విన్నాను కదా. పదో రోజు భద్రాచలం నుంచి బావ ఫోన్ చేశాడు.

"మీ అక్కకు మూతి వంకరబోయింది. కుడిచెయ్యి లేస్తలేదు. మాట పడిపోయింది. ఖమ్మం తీస్కపొమ్మంటున్నరు, నువ్వు జల్దీ రా" అన్నాడు.

ఖమ్మం దవాఖానాలో నేను చేరేసరికి ఆమెను మంచం మీద పడుకోబెట్టారు. ముఖం ఒకవైపు జారిపోయి ఉంది. డ్యూటీ డాక్టరు గోళీల సంగతి అడిగితే బావ జేబులోంచి ఖాళీ అట్ట తీసి చూపించాడు. ఎన్ని రోజులైంది వేసుకోక అంటే ఆయనకు తెలియదు. డాక్టరు అక్క వైపు వంగి, అయిపోతే ఇంట్లోవాళ్లకు చెప్పాలి కదమ్మా అన్నాడు. బావకు భయంతోపాటు కోపమూ వచ్చింది. తమ్ముడు ఫోన్ కొనిచ్చిండు గద, ఒక్క మాట చెప్తే నీ సొమ్మేం బోయింది అని అరిచాడు. అక్క నావైపు చూసింది. పెదాలు కదిలాయి. "ని... ని..." అన్న చప్పుడు తప్ప ఏమీ రాలేదు.

అప్పుడు నేనూ ఊరుకోలేదు. "అడిగిన గదక్కా. ఉన్నయనే చెప్పినవ్ గద" అన్నాను. అందరి ముందూ అన్నాను.

అక్క కళ్లు మూసుకుంది.

రెండు రోజుల తర్వాత, అక్కతో కలిసి బడిలో వంట చేసే ఆమె చూడటానికి వచ్చింది. లోపల ఎక్కువసేపు ఉండలేక బయట వరండాలో నా పక్కన వచ్చి కూర్చుంది. ఆమె నన్ను నిలదీయడానికి రాలేదు. తనకు తెలిసింది చెప్పుకుంటూ పోయింది.

"నా ముందటనే చెప్పింది గద సారూ, గోళీలు నిండుకున్నయని. మీరు మంచిదన్నరట గద. వాగు తగ్గంగనే తమ్ముడు బస్సుల పంపిస్తడని రోజూ రోడ్డు మీదికి పోయి చూసొచ్చేది" అంది.

మా ఇళ్లల్లో ఆడవాళ్లు బియ్యం అయిపోయాయని అనరు. లేవు అన్న మాట వంటింట్లో పలకకూడదు. డబ్బా అడుగంటితే నిండుకున్నాయి అంటారు. పసుపైనా, పప్పైనా అంతే. వెలితిని నిండుతనం పేరుతో పిలవడం మర్యాద. ఈ మాట వింటూనే పెరిగాను. నాకిది కొత్తగా ఒకరు నేర్పాల్సింది కాదు. తగ్గుతున్నంతకాలం ఆమె పది అనీ పదిహేను అనీ లెక్క చెప్పింది. ఫోన్లు కలవని ఆ వారం గడిచి డబ్బా పూర్తిగా అడుగంటాక, బియ్యానికి చూపించిన మర్యాదే గోళీలకూ చూపించింది. ఆమె నిండుకున్నయ్ అంది. నాకు నిండుగున్నయ్ అని వినబడింది. ఒక్క అక్షరం తేడా. ఒకటి అసలు లేవని, ఇంకొకటి బోలెడున్నాయని.

సిగ్నల్ మీద తోసేయాలని చూశాను. గోదావరి మీద తోసేయాలని చూశాను. అది కుదరలేదు. ఆమె ఇంకేదో చెప్పబోతుంటే కట్ చేసింది నేను. ఎన్ని ఉన్నాయని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. ఆఫీసులో ముక్కూ మొహం తెలియనివాళ్లను కూడా తిరిగి అడిగి రాసుకుంటాను. మెసేజ్ నేర్పి ఉంటే అని కూడా అనుకున్నాను. ఆ రాత్రే సంచిలోంచి ఆమె ఫోన్ తీసి ఆ మాట కొట్టి చూశాను. దాంట్లో కకూ గకూ ఒకటే మీట. ఒకసారి కొడితే క, మూడుసార్లు కొడితే గ.

ఇక మిగిలింది ఆ సంగతి చెప్పడం. వాయిదా వేశాను. ఒకరోజు, రెండు రోజులు, మూడు రోజులు. ఈలోగా చూడవచ్చిన ప్రతి చుట్టానికీ బావ అదే చెబుతున్నాడు, గోళీలు అయిపోయినా ఈమె చెప్పలేదని. వాళ్లందరూ మంచం పక్కన నిలబడి ఆమెకే బుద్ధులు చెప్పి పోతున్నారు. ఆమెకు వినబడుతోంది, అర్థమవుతోంది. నేను గోడకు ఆనుకుని వింటూ నిలబడ్డాను. నా జీవితంలో అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు. అయినా ఆ మూడు రోజులూ నిలబడ్డాను.

నాలుగో రోజు పొద్దున బావ ఉన్నప్పుడే మంచం పక్కన కూర్చుని చెప్పాను.

"అక్కా, నువ్వు చెప్పినవ్. నిండుకున్నయనే చెప్పినవ్. తప్పు విన్నది నేనే."

బావ లేచి బయటికి పోయాడు. అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. మంచి చెయ్యి ఎత్తి నా చెంప మీద ఒకటి వేసింది. దాంట్లో బలం లేదు. ఉంటే బాగుండేది. ఆ చెయ్యి అలాగే నా ముఖం మీద ఉండిపోతే నేనే మెల్లగా దించి దుప్పటి మీద పెట్టాను.

బావ ఆ తర్వాత ఎవరికీ ఆ మాట చెప్పలేదు. నాతో మాత్రం పదిహేను రోజులు మాట్లాడలేదు.

ఇంటికి పంపేటప్పుడు మాటలు నేర్పే ఆవిడ చెప్పింది, పొడుగు మాటలు ఆమెకు ఇప్పట్లో రావు, చిన్న మాటలతో మొదలుపెట్టమని. నేను సెలవు పెట్టి వారం రోజులు వాళ్లింట్లోనే ఉన్నాను. ఈసారి కసరలేదు. ఎడమచేత్తో రెండు ఒత్తి పట్టుకోవడం ఒక్క పూటలో వచ్చేసింది. ఉన్నయ్ అనడం మూడు రోజులకు వచ్చింది. లెవ్వు అనమంటే మాత్రం తల అడ్డంగా ఊపింది. రాక కాదు, అననని. పొయ్యి వైపు, బియ్యం డబ్బా వైపు చూపించి మళ్లీ తల ఊపింది. నేను బతిమాలాను. నాకు అర్థమయ్యేది ఇంకేదీ లేదక్కా అన్నాను. ముఖం గోడవైపు తిప్పుకుంది. అనకుండానే నేను సత్తుపల్లి వచ్చేశాను.

నెల అవసరానికి మించి గోళీలు ఇచ్చి వచ్చాను కాబట్టి ఆ నెలలో ఇబ్బంది లేదు. తర్వాతి నెల ఒక గురువారం, భోజనాలయ్యే వేళకి ఫోన్ మోగింది. తోటి వంటామె నీళ్ల ట్యాంకు దాకా నడిపించుకొచ్చినట్టుంది, ఆమె గొంతు దూరంగా వినిపిస్తోంది. బల్ల ముందున్నవాళ్లను కూర్చోమని సైగ చేసి వరండాలోకి వచ్చాను. తిన్నావా అని అడిగాను. ఊఁ అంది. అక్కడ వాన పడ్డదా అన్నాను. ఊఁ అంది. ఇక అడగడానికి ఇంకేమీ మిగల్లేదు.

"గోళీలు ఎన్ని ఉన్నయక్కా?"

ఫోన్ చెవికి నొక్కి పట్టుకుని నిలబడ్డాను.

"లెవ్వు" అంది.

ఒక్క అక్షరం పోకుండా వినబడింది. ఆ సాయంత్రం బస్సుకే పొట్లం పంపాను. యాభై మూడేళ్ల వయసుదాకా వంటింట్లో ఆ మాట పలకకుండా బతికిన మనిషి చేత, నేను దాన్ని పలికించాను.