సలోమి చెవికి చిక్కిన బండి

దాచేపల్లి పక్క సున్నపురాయి క్వారీలో లారీ తోలే ఐజాక్‌కు ఒక జబ్బుంది. కూతురి గురించి మొదలుపెడితే ఆగడు. నాలుగేళ్ల సలోమి తుమ్మినా అందులో ఒక తెలివి కనిపెడతాడు. టీ కొట్టు పుల్లయ్య అతను రావడం చూడగానే, "ఏందిరా, ఇయ్యాల నీ కూతురు ఏం జేసింది? కలెక్టరైందా?" అని ముందే అడిగేస్తాడు.

"కలెక్టర్లే దాని దగ్గరకొచ్చి పాఠం చెప్పించుకోవాల బాబాయ్," అంటాడు ఐజాక్, ఏమాత్రం సిగ్గుపడకుండా.

అయితే ఆ పిల్ల చెవి మామూలు చెవి కాదన్నది మాత్రం ఊరంతా ఒప్పుకున్న సంగతే. వాళ్ల ఇల్లు రోడ్డు మలుపులో ఉంది. రాయి మోసే లారీలన్నీ అక్కడ బ్రేకు వేయక తప్పదు. సలోమి గడప మీద కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, వచ్చేది ఎవరి లారీయో చెప్పేది. ఒక లారీ దగ్గుతుందట, ఇంకొకటి గురక పెడుతుందట. శ్రీహరి లారీ అయితే "అన్నం తినకుండా వస్తోంది". డ్రైవర్లు బిస్కెట్ ప్యాకెట్లు పందెం కాసి వరసగా ఓడిపోయారు. ఐజాక్ లెక్కన ఆ బిస్కెట్లతో మాచర్ల దాకా రోడ్డు పరవొచ్చు. ఒకసారి ఆమెను బోల్తా కొట్టిద్దామని ఇద్దరు బళ్లు మార్చుకుని వచ్చారు. "శ్రీహరి మామ బండి వేరేవాళ్లు తోలుతున్నారు, దానికి ఇష్టం లేదు," అంది సలోమి కళ్లు తెరవకుండానే. ఆ రోజు ఐజాక్ కూతుర్ని భుజాలకెత్తుకుని ఊరంతా తిప్పాడు.

ఆ పిల్లకు అన్నిటికంటే ఇష్టమైన బండి ఐజాక్ తోటి డ్రైవరు రియాజ్‌ది. బ్రేకు వేస్తే మిగతా లారీలు 'పుస్స్' అని ఊరుకునేవి. రియాజ్ బండి మాత్రం చివర్లో పిట్టలాగా సన్నగా కూసేది. "మామ పిట్టొచ్చింది!" అని సలోమి పరుగెత్తేది. రియాజ్ జేబులోంచి రేగుపండ్లు తీసి ఆమె గుప్పిట్లో పోసేవాడు.

పోయిన వానాకాలంలో, క్వారీ గుంటలోకి దిగే వాలు మీద, ఆ బండి ఆగలేదు. రియాజ్‌ను పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు. నుజ్జయిన బండిని ముక్కలు చేసి తుక్కు కింద అమ్మేశారు. సలోమికి మాత్రం మామ దూరం డ్యూటీకి పోయాడని చెప్పారు.

చలి మొదలయ్యాక ఒక సాయంత్రం ఐజాక్ తన లారీకి బ్రేకు పని చేయించుకుని ఇంటికొచ్చాడు. తెల్లారితే గుంటలోకి దిగాలి. లారీ ఆపి కిందికి దూకేసరికి గడప మీద సలోమి కళ్లు మూసుకుని నవ్వుతోంది.

"ఎవరొచ్చారో చెప్పు తల్లీ!"

"రియాజ్ మామ."

ఐజాక్ ఆమె ముందు వంగాడు. "కళ్లు తెరువమ్మా. ఎవరూ?"

తెరిచింది. తండ్రిని చూసింది. నవ్వు ఆరిపోయింది. పక్కకు వంగి, అతని వెనకున్న లారీని చూసింది.

"నువ్వు మామ బండిలో ఎందుకొచ్చావు నాన్నా? మామ ఏడీ?"

"ఇది మన బండే బంగారం."

"కాదు. మామదే."

లోపల్నుంచి అతని భార్య ఫిలోమినా పిండి చేతులతోనే బయటికొచ్చింది. "ఏందయ్యా పొద్దుగూకేళ పిల్లతో ఆ మాటలు? తెలివి తెలివని నెత్తికెక్కించుకున్నావు. ఇప్పుడు చూడు, పోయినోళ్లను పిలుస్తాంది. రేపే పాస్టరుగారితో ప్రార్థన చేయిస్తా."

ఐజాక్ టీ కొట్టుకు పోయి పుల్లయ్యకు చెప్పుకున్నాడు. "పోన్లేరా, పసిది. ఒకసారి తప్పిందనుకో," అన్నాడు పుల్లయ్య.

ఆ మాట ఐజాక్‌కు ముల్లులా దిగింది. సలోమి తప్పు చెప్పిందనుకుంటే నిశ్చింతగా గుంటలోకి దిగొచ్చు. కాని సలోమి తప్పు చెప్పదు. చెప్పకపోతే, తాను తోలుతున్నది చచ్చినవాడి బండి. పడుకుని రెండు వైపులా దొర్లాడు గాని, కూతురు ఓడిపోయిందని ఒప్పుకోవడం మాత్రం అతని వల్ల కాలేదు.

తెల్లారగానే క్వారీ మానేసి, సలోమిని పక్కన కూర్చోబెట్టుకుని, నిన్న బ్రేకు పని చేసిన ముబారక్ మెకానిక్ షెడ్డుకు పోయాడు. పిల్లను ఒక పాత టైరు మీద కూర్చోబెట్టాడు.

"ఎక్కి బ్రేకు తొక్కరా ముబారక్."

'పుస్స్' మంది. ఆ గాలి తగ్గిపోతుండగా, అడుగున ఎక్కడో, సన్నగా, పిట్ట కూత. ఈసారి ఐజాక్‌కూ వినబడింది. సలోమి చప్పట్లు కొట్టింది.

ముబారక్ దిగి పానాలు సర్దుకుంటున్నాడు. తల ఎత్తడం లేదు.

"నిన్న నా బండికేసిన బ్రేకు వాల్వు ఎక్కడిదిరా?"

"పాత సామానన్నా. నువ్వే గదా పాతదైనా పర్లేదన్నావు."

"ఎవరి పాత సామాను?"

"పైకి చానా బాగుందన్నా," అన్నాడు ముబారక్ చివరికి. "రియాజ్ బండిదని చెప్తే ఎవురేసుకుంటారు?"

ఊడదీసి విప్పారు. లోపలి రబ్బరు అంచు దాకా చీలి, ఒక్క పోగు మీద ఆగి ఉంది. "వాలు దిగేటప్పుడు గట్టిగా తొక్కుంటే..." అని ముబారక్ మిగతాది మింగేశాడు. ఐజాక్ కూతుర్ని ఎత్తుకున్నాడు. ఆమె గౌను మెడలో మొహం పెట్టి చాలాసేపు తీయలేదు.

కొత్త వాల్వు దొరికేదాకా లారీ షెడ్డులోనే ఉంది. ఆ సాయంత్రం తండ్రీకూతుళ్లు గడప మీద కూర్చున్నారు. ఇద్దరూ కళ్లు మూసుకున్నారు. రోడ్డు నిశ్శబ్దంగా ఉంది.

"నాన్నా, మామ పిట్ట."

"బండి షెడ్డులో ఉంది గదమ్మా. ఆ ముక్క కూడా తీసేశాం."

"అది కాదు. మామ పెద్ద బండి."

"వస్తాందా?" అన్నాడు ఐజాక్.

సలోమి తల వాల్చి విన్నది. "పోతాంది."

ఐజాక్ కళ్లు తెరిచాడు. మలుపులో ఏ బండీ లేదు. గాలీ లేదు. కాని లారీ బ్రేకు వేసి కదిలినప్పుడు లేచే తెల్లటి సున్నపు దుమ్ము, రోడ్డు మీద మెల్లగా కిందికి దిగుతోంది.

మర్నాడు టీ కొట్లో వాల్వు కథను అతను పదింతలు చేసి చెప్పాడు. రబ్బరు చీలిక మూరెడైంది, కూతురి చెవికి కారంపూడిలో లారీ స్టార్టు చేసినా వినబడుతుందన్నాడు.

"ఇంకేం జేసిందిరా నీ కూతురు?" అన్నాడు పుల్లయ్య నవ్వుతూ.

ఐజాక్ మలుపు వైపు చూసి, టీ తాగి, గ్లాసు పెట్టేసి లేచాడు.