పట్టీ విప్పే వేళ

చావు ఇంటికి పరామర్శకి వెళ్ళినవాడు ఏం చేయాలి? కాసేపు కూర్చోవాలి, తోచిన మాట ఒకటి చెప్పాలి, లేచి రావాలి. అంతే కదా. నేను వెళ్ళి వాళ్ళ కర్మే చెడగొట్టాను. నవ్వకండి, ముందు వినండి. టీ తాగుతూనే వినండి.

ఎనభైల మొదట్లో మాట. అప్పుడు మేం టెక్సస్‌లో, ఇర్వింగ్‌లో ఉండేవాళ్ళం. నేను టెలిఫోన్ ఎక్విప్‌మెంట్ చేసే కంపెనీలో ఇంజినీర్ని. మా పక్కింట్లో సాల్, మిరియమ్ అని పెద్దవాళ్ళు, యూదులు. సాల్ హార్డ్‌వేర్ షాపు నడిపి రిటైరయ్యాడు. నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఆదివారం పొద్దున్నే ఖాళీగా ఉండే షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లోకి తీసుకెళ్ళేవాడు. "బ్రేక్ భయమేసినప్పుడు తొక్కేది కాదు మూర్తీ, భయం వేయకముందే తొక్కేది," అనేవాడు.

ఆయన ముందు యార్డ్‌లో ఆకులు ఊడుస్తూ ఊడుస్తూ పడిపోయాడు. మా ఆవిడ లలిత కిటికీలోంచి చూసి పరిగెత్తింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని అక్కడే గడ్డిలో కూర్చుంది. వాళ్ళొచ్చి చేయాల్సిందంతా చేశారు గానీ అప్పటికే అయిపోయింది. నేను ఆఫీసులో ఉన్నాను. మర్నాడే పూడ్చేశారు. వాళ్ళలో ఆలస్యం చేయరట. కొడుకు డేనియల్ బోస్టన్‌లో ఉంటాడు. ఫ్లైట్ దొరికి వచ్చేసరికి తండ్రిని పెట్టెలో పెట్టేశారు. ముఖం చూడలేదు.

పూడ్చిన రెండు రోజులకి, ఆఫీసుకి వెళ్ళే ముందు పలకరించి వెళ్దామని బయల్దేరాను. "మన వంట వాళ్ళకి పనికొస్తుందో రాదో, పళ్ళు తీసుకెళ్ళండి," అని లలిత ఒక బుట్ట ఇచ్చింది. ఆ రోజు పది గంటలకి హ్యూస్టన్ నుంచి క్లయింట్ వస్తున్నాడు, డెమో నేనే ఇవ్వాలి. ఐదు నిమిషాల్లో వచ్చేస్తాననుకున్నాను.

తలుపు తీసే ఉంది. లోపల అద్దాలకి దుప్పట్లు కప్పారు. డేనియల్ పొట్టి స్టూల్ మీద కూర్చున్నాడు, చొక్కా కాలర్ దగ్గర చింపి ఉంది. వాళ్ళ మైల అలా పడతారన్నమాట అనుకున్నాను. గదిలో ఇంకొంతమంది మగవాళ్ళు నిలబడి ఉన్నారు. మాటల్లేవు. నేను బుట్ట కింద పెట్టానో లేదో, ఒక ముసలాయన వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు. తెల్ల గడ్డం, చేతికి నల్ల తోలు పట్టీలు, నుదుటి పైన అగ్గిపెట్టెకంటే కాస్త పెద్ద నల్ల పెట్టె. మిగతావాళ్ళకీ అవే ఉన్నాయి. పేరు ఫెల్డ్‌మన్. అక్కడి పెద్దరికం ఆయనదేనని చూస్తేనే తెలుస్తోంది.

"ఎక్కడివాడివి?" అన్నాడు గుసగుసగా.

"ఇండియా అండీ."

"బాంబేనా?"

"కాదండీ, ఇంకా కిందికి. సౌత్."

"కొచ్చిన్," అన్నాడు ఆయన, కళ్ళు మెరిశాయి.

చావు ఇంట్లో మ్యాప్ గీసి చూపించలేం కదా. "ఆ పక్కేనండీ," అన్నాను. కొచ్చిన్‌లో వందల ఏళ్ళుగా యూదులు ఉన్నారని నాకేం తెలుసు. మాకు తెలిసిన కొచ్చిన్ అంటే రేవు, రొయ్యలు.

ఆయన ఇంకా దగ్గరికి వచ్చాడు. "కోహెన్?" అన్నాడు.

అమెరికా వచ్చాక నన్ను గోత్రం అడిగిన మొదటి మనిషి ఆయనే. ఉచ్చారణ తేడాగా ఉంది గానీ, తెల్లవాడు ఆ మాత్రం అనగలిగాడంటేనే గొప్ప అనుకున్నాను. వినయంగా చేతులు కట్టుకుని, "కౌండిన్య," అన్నాను.

"కోహెన్," అని ఆయన గదిలోకి తిరిగి ప్రకటించాడు. "ఇండియా నుంచి కోహెన్ వచ్చాడు. పదిమందిమి అయ్యాం."

కోహెన్ అంటే వాళ్ళలో పూజారి వంశంవాడట. ఇది తరవాత తెలిసింది. ఆ రోజు తెలియాల్సినవన్నీ నాకు తరవాతే తెలిశాయి.

తన నుదుటి మీది పెట్టె చూపించి, ఇలాంటివి తెచ్చుకోలేదా అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు డేనియల్ లేచాడు. అల్మారాలోంచి ముఖమల్ సంచీ తీశాడు. "నాన్నవి ఉన్నాయి. ఆయనవి కట్టండి," అన్నాడు. ఆ మనిషి అలా ఇస్తుంటే వద్దనగలమా? ఇంటికొచ్చిన ప్రతి అతిథికీ కడతారు కాబోలు, గురుద్వారాలో తలకి గుడ్డ ఇచ్చినట్టు, అనుకున్నాను.

వాటిని తెఫిలిన్ అంటారు. లోపల వాళ్ళ వేదవాక్యాలు తోలు మీద రాసి ఉంటాయి. ఒకటి ఎడమ చేతికి, గుండెకి ఎదురుగా. ఇంకొకటి తలకి. ఫెల్డ్‌మన్ నా చొక్కా చెయ్యి మడిచి పెట్టె కట్టి, పట్టీ మోచేతి కింద నుంచి చుట్టలు చుట్టుకుంటూ వచ్చాడు. ఒక్కో మాటా చెప్తూ నన్ను తిరిగి చెప్పమన్నాడు. అర్థం తెలియకుండా మంత్రం తిరిగి చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. స్పష్టంగా చెప్పాను. ఆయన మురిసిపోయాడు. "చూశారా, పాత ఉచ్చారణ. అక్కడ చెడిపోకుండా నిలిచింది," అన్నాడు మిగతావాళ్ళతో.

ఆ మాట దగ్గర నాకు ఎక్కడో తేడా కొట్టింది. ఇది అతిథి మర్యాద కాదేమో, ఈయన నన్ను ఇంకెవరో అనుకుంటున్నాడేమో అనిపించింది. "మిస్టర్ ఫెల్డ్‌మన్, నేను..." అని మొదలుపెట్టాను. ఆయన చటుక్కున నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. చేతిది కట్టాక తలది కట్టేదాకా మధ్యలో నోరెత్తకూడదట. తలది కట్టాడు. సాల్‌ది పెద్ద తల, నాది చిన్నది. పెట్టె జారి కనుబొమల మీదికి వచ్చింది. ఆయన పైకి తోశాడు, మళ్ళీ జారింది. ఈలోగా ప్రార్థన మొదలైపోయింది. ఇంక ఎవరికి చెప్పను?

లేస్తే లేచాను, కూర్చుంటే కూర్చున్నాను. ఒక చేత్తో పెట్టె పట్టుకుని, రెండో చేత్తో పుస్తకం పట్టుకుని. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానని పక్కాయన తిప్పి ఇచ్చాడు.

మన తద్దినాల్లో వేలికి పవిత్రం పెట్టుకుంటాం. "పవిత్రం తీసేయండి బాబూ" అని శాస్త్రిగారు చెప్తే తీసేస్తాం. ఇక్కడ ఎవరూ చెప్పడం లేదు. వాచీ చూస్తే తొమ్మిది దాటింది. అప్పుడు నాకు ఎదురుగా ఉన్న బట్టతలాయన, ఆయన కూడా నాలాగే వాచీ చూస్తున్నాడు, నెమ్మదిగా పట్టీ విప్పడం మొదలుపెట్టాడు. హమ్మయ్య, అయిపోయిందనుకుని నేనూ వేలి దగ్గర నుంచి విప్పాను.

ఫెల్డ్‌మన్ వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఏం చేస్తున్నావు? కడిష్ కాకుండా విప్పేస్తావా?"

"ఆయన విప్పుతున్నాడు కదండీ."

"వాడు ఎప్పుడూ అంతే. చివరి కడిష్ అయ్యేదాకా ఎవరూ విప్పకూడదు. విప్పినా తలది ముందు, చేతిది తరవాత. మీ కొచ్చిన్‌లో నేర్పలేదా?"

నేర్పలేదన్నాను. కొచ్చిన్ గురించి ఆ పొద్దున నేను చెప్పిన నిజం అదొక్కటే.

కడిష్ అంటే చనిపోయిన తండ్రి కోసం కొడుకు చదివేది. డేనియల్ నిలబడ్డాడు. రెండు మాటలు చదివి ఆగిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. అందరూ ఆమెన్ అన్న చోటల్లా నేనూ అన్నాను. సాల్ గుర్తొచ్చి నిజంగానే కళ్ళు తడిశాయి. అది అయ్యాక ఫెల్డ్‌మన్ నాకు సైగ చేశాడు. తలది ముందు తీశాను, చేతిది తరవాత. ఈసారి తప్పు చేయలేదు.

సరిగ్గా అప్పుడు లోపలి గదిలోంచి మిరియమ్ వచ్చింది. మూడు రోజుల్లో సగమైపోయింది. నన్ను చూసింది, నా చేతిలో ఉన్న తన భర్త పట్టీలు చూసింది.

"మూర్తీ, నువ్వేం చేస్తున్నావిక్కడ?" అంది. తరవాత ఫెల్డ్‌మన్ వైపు తిరిగి, "ఇతను పక్కింటి మూర్తి. హిందూ," అంది.

ఫెల్డ్‌మన్ నా చేతిలోంచి పట్టీలు తీసుకున్నాడు.

"కోహెన్ అన్నాడే," అన్నాడు ఫెల్డ్‌మన్.

"కౌండిన్య అన్నానండీ. మా గోత్రం."

ఎవరో నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు. డేనియల్ మాత్రం నవ్వలేదు. "అంటే మనం తొమ్మిదిమందిమే," అన్నాడు. పదిమంది యూదు మగవాళ్ళు లేకుండా కడిష్ చెప్పకూడదు. చెప్పినా చెప్పినట్టు కాదు. అతను స్టూల్ మీద కూర్చుండిపోయాడు. "ఆయనతో ఫోన్లో మాట్లాడి చాలా కాలమైంది. ముఖం కూడా చూడలేదు. ఆయనకి నేను చేయగలిగింది ఇదొక్కటే. ఇదీ సరిగా కాలేదు."

మీరు నన్ను తిట్టండి, కొట్టండి, పడతాను. ఆ మాట పడలేకపోయాను. ఐయామ్ సారీ అన్నాను. ఇంకేం అంటాం.

ఫెల్డ్‌మన్ మాత్రం కూలబడలేదు. "ఎవరూ విప్పకండి. ఇంకొక్కడు దొరికితే ఒక కీర్తన చదివి కడిష్ మళ్ళీ చెప్పొచ్చు," అన్నాడు. బట్టతలాయన అప్పటికే అంతా మడిచి సంచీలో పెట్టేశాడు. ఫెల్డ్‌మన్ చూసిన చూపుకి మళ్ళీ తీసి కట్టుకున్నాడు. కానీ పదోవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు? ఆ రోజుల్లో ఇర్వింగ్‌లో ఆ తొమ్మిదిమంది దొరకడమే ఎక్కువ. ఫోన్లు చేశారు. ఒకాయన ఊళ్ళో లేడు, ఒకాయన హాస్పిటల్లో ఉన్నాడు.

నేను ఆఫీసుకి ఫోన్ చేశాను, లేటవుతుందని చెప్దామని. వంటింట్లో గోడ ఫోన్. మా బాస్ గ్రెగ్ ఎత్తాడు. అతన్ని మీరు చూడలేదు. కౌబాయ్ బూట్లు, అరచెయ్యంత బెల్ట్ బకిల్, పికప్ ట్రక్. అచ్చమైన టెక్సస్ మనిషి.

"ఎక్కడున్నావు? పదింటికి క్లయింట్," అన్నాడు.

జరిగింది చెప్పాను. దాచలేదు. కౌండిన్యతో సహా చెప్పాను. ఉద్యోగం పోయిందనుకున్నాను. అప్పుడంటే వీసా గొడవలు ఎలా ఉండేవో మీకు తెలుసు.

"అడ్రస్ చెప్పు," అన్నాడు.

చెప్పాను. నన్ను లాక్కెళ్ళడానికి వస్తున్నాడనుకుని బ్రీఫ్‌కేసు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. ట్రక్ వచ్చి ఆగింది. గ్రెగ్ దిగి, నన్ను దాటుకుని లోపలికి వెళ్ళాడు. టోపీ తీయలేదు.

ఫెల్డ్‌మన్ ఈసారి జాగ్రత్తపడ్డాడు. వాళ్ళలో తల్లిని బట్టే యూదులో కాదో లెక్కట. "మీ అమ్మ ఎవరు?" అన్నాడు.

"యూదురాలు. నాన్న కూడా. నా పేరు గెర్షోన్. ఆ పేరుతో నన్ను పిలిచి చాలా కాలమైంది," అన్నాడు గ్రెగ్. నాలుగేళ్ళు అతని కింద పనిచేశాను. అతనితో కూర్చుని ఎన్ని లంచ్‌లు చేశానో. ఈ సంగతి నాకు తెలియనే తెలియదు.

సాల్ పట్టీలు అతని చేతికిచ్చారు. ఎడమ చొక్కా చెయ్యి తనే మడుచుకున్నాడు. వేళ్ళు వాటంతటవే చుట్టుకుంటూ పోయాయి. అరచేతి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాడు. మిగతాది గుర్తులేదు. ఫెల్డ్‌మన్ ఏమీ అనకుండా తనే చుట్టి, తలది కట్టాడు. గ్రెగ్ తలకి అది సరిపోయింది.

ఈసారి నేను మిరియమ్‌తో వంటింట్లో నిలబడ్డాను. డేనియల్ ఆగకుండా చదివాడు. "సాల్ ఉంటే ఈ కథ చచ్చేదాకా చెప్పుకునేవాడు," అంది మిరియమ్. అని, తనేమందో తనకే వినబడి, నవ్వింది. నవ్వుతూనే ఏడుపులోకి వెళ్ళిపోయింది. నాకు ఏం చేయాలో తెలియక ఒక యాపిల్ తీసి చేతికిచ్చాను. తీసుకుంది.

అందరూ విప్పుకున్నారు, మడుచుకున్నారు, ఉద్యోగాలకి వెళ్ళిపోయారు. గ్రెగ్ కదల్లేదు. డేనియల్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, పట్టీలు అలాగే ఉన్నాయి. "మా నాన్న పోయినప్పుడు నేను ఇది చేయలేదు," అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. కాసేపటికి ఫెల్డ్‌మన్‌ని అడిగాడు, "ఎప్పుడు విప్పాలి?"

పొద్దుటి నుంచీ నన్ను చీల్చి చెండాడిన మనిషి, అతని పక్కన కూర్చుని మెల్లగా అన్నాడు: "ముందే విప్పకూడదు గానీ, తరవాత విప్పితే తప్పులేదు. పొద్దు గుంకేదాకా టైముంది."

గ్రెగ్ నా వైపు తిరిగి, క్లయింట్ సంగతి నువ్వే చూసుకో అన్నాడు. వెళ్ళాను. అరగంట లేటు. చేతి మీద మెలికలు మెలికలుగా పట్టీ గుర్తులు, నుదుటి మీద చతురస్రంగా ఎర్రటి మచ్చ. హ్యూస్టన్ ఆయన డెమో చూడలేదు, నన్నే చూశాడు. ఒంట్లో బాగుందా అని రెండుసార్లు అడిగాడు. కాంట్రాక్ట్ రాలేదు.

ఆ తరవాత ఫెల్డ్‌మన్ నాకు తరచూ ఫోన్ చేసేవాడు. ఎవరో పోయేవారు, మనిషి తక్కువయ్యేవాడు. నేను హలో అనగానే, "నువ్వు కాదు, మీ బాస్ ఉన్నాడా?" అనేవాడు. సున్నాని కనిపెట్టింది మనవాళ్ళేనని ఆఫీసులో నేను అందరికీ గొప్పగా చెప్పేవాణ్ణి. ఒకటి పక్కన నిలబడితే సున్నాకి కూడా విలువ వస్తుందంటారు. నేను తొమ్మిదిమంది పక్కన నిలబడ్డాను, వాళ్ళ లెక్క తొమ్మిదే.